కన్నవారి నుండియే కాపాడవలసి వచ్చినపుడు

బిడ్డకు తల్లి ఒడియు తండ్రి నీడయు సహజమైన రక్షణలు. లోకములోని శాసనములు పెక్కు ఈ నమ్మకము మీదనే వెలసినవి. తల్లిదండ్రులు బ్రతికియుండగా బిడ్డకు వేరొక రక్షకుని వెదకవలసిన పని లేదని మన పెద్దలు తలచిరి; న్యాయస్థానములును చాలకాలము అట్లే తలచినవి. కాని ఆ ఇరువురిలో ఒకరి వలననే బిడ్డకు హాని కలుగుచున్నపుడు రెండవవారు చేయదగినదేమి? ఎవరి తలుపు తట్టవలెను? ఏమని అడుగవలెను? ఈ ప్రశ్నకు శాసనము తిన్నని సమాధానము చెప్పుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ సమాధానము గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలకు ఏ త్రోవన, ఎన్ని మలుపులు తిరిగి వచ్చినదో నేడు పరిశీలింతము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో గద్వాల సంస్థానము, కృష్ణకు ఉత్తరమున వనపర్తి సంస్థానము, కొల్లాపురము కేంద్రముగా జటప్రోలు సంస్థానము నిజాము రాజ్యమునకు లోబడి తమ తమ హద్దులలో పాలన సాగించినవి. గద్వాల కోట సోమనాద్రి పేరుతో ముడివడియున్నది. ఆ సంస్థానపు కడపటి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు. సంస్థానాధీశులకు తమ పరిధిలో న్యాయవిచారణాధికారము కొంత ఉండెడిది. వాటి వెలుపల నిజాము ప్రభుత్వపు తాలూకాలలో అదాలతుల భాష ఉర్దూ. దరఖాస్తు, వకాలత్నామా, సమను, మున్సిఫు అను మాటలు నేటికిని మన పల్లెలలో వాడుకలో ఉండుటకు కారణమిదియే. చాలకాలము రెవిన్యూ అధికారియే తీర్పరిగా కూడ ఉండెడివాడు. 1921లో నిజాము ఉస్మాన్ అలీఖాను ఫర్మానాతో న్యాయశాఖ పరిపాలనశాఖ నుండి వేరుపడినది.

ఆనాటి ఏర్పాటులలో పిన్నవయస్కులను గూర్చిన విచారము లేకపోలేదు. సంస్థానాధీశుడో జాగీర్దారో మైనరు వారసుని విడిచి మరణించినచో ఆ ఆస్తిని కోర్టు ఆఫ్ వార్డ్సు తన నిర్వహణలోనికి తీసికొనెడిది. శిస్తు వసూలు చేసి, అప్పులు తీర్చి, వారసునకు చదువు చెప్పించి, యుక్తవయస్సు రాగానే ఆస్తిని అప్పగించెడిది. ఈ ఊహ మనకు క్రొత్తది కాదు. బాలుని ధనమును అతడు పెరిగి పెద్దవాడగువరకు రాజు కాపాడవలెనని మనుస్మృతియే చెప్పుచున్నది. ఇచట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. శాసనము మొదట కాపాడినది బిడ్డను గాదు, బిడ్డ ఆస్తిని. భూమి లేని కూలివాని కూతురునకు, మగ్గము తప్ప మరియేమియు లేని నేతకాని కొడుకునకు కోర్టు ఆఫ్ వార్డ్సు లేదు. తండ్రి త్రాగి వచ్చి బిడ్డను కొట్టినచో కులపెద్దలు, ఊరిపెద్దలు మందలించెడివారు. లేదా మేనమామ వచ్చి చెల్లెలిని, పిల్లలను పుట్టింటికి తీసికొనిపోయెడివాడు. ఆ మేనమామ లేని ఇంట ఆ పాటి ఆసరాయును లేదు.

ఈ లోపము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో 19వ శతాబ్ది తొలినాళ్ల వరకు బిడ్డపై తండ్రి హక్కు దాదాపు తిరుగులేనిది. కెరొలిన్ నార్టన్ అను రచయిత్రి భర్తతో విడిపోగా ఆమెకు కన్నబిడ్డలను చూచు అవకాశమును భర్త నిరాకరించెను. ఆమె ఆ అన్యాయమును గూర్చి కరపత్రములు వ్రాసి, పార్లమెంటు సభ్యులను ఒప్పించి ఆందోళన సాగించినది. దాని ఫలముగా 1839లో ఒక శాసనము వచ్చెను. ఏడేండ్లలోపు పిల్లలను తనకు అప్పగింపుడని తల్లి న్యాయస్థానమును కోరుటకు ఆ శాసనము మొదటిసారిగా వీలు కల్పించినది. బిడ్డ క్షేమమే మొదటిదియు, అన్నిటికంటె మిన్నయైనదియు అగు విషయమని ఆ దేశపు శాసనము స్పష్టముగా చెప్పుటకు 1925 వరకు ఆగవలసివచ్చెను.

బ్రిటిషు ఇండియాలో ఈ విషయమున మూలస్తంభమైనది 1890వ సంవత్సరపు 8వ చట్టము, అనగా గార్డియన్స్ అండ్ వార్డ్సు చట్టము. దీనికి మతభేదము లేదు. మైనరు క్షేమము కోరి గార్డియనును నియమించుటకు జిల్లా న్యాయస్థానమునకు 7వ సెక్షను అధికారమిచ్చుచున్నది. గార్డియను సంరక్షణ నుండి తొలగిపోయిన లేక తొలగింపబడిన బిడ్డను తిరిగి చేర్చుటకు 25వ సెక్షను, కేసు తేలులోపల బిడ్డను తాత్కాలికముగా ఎవరి సంరక్షణలో ఉంచవలెనో నిర్ణయించుటకు 12వ సెక్షను ఉన్నవి. న్యాయాధికారి చూడవలసినవి బిడ్డ వయస్సు, ఆడో మగో అను విషయము, మతము, గార్డియను కాగోరువాని శీలము, శక్తి, బంధుత్వము అని 17వ సెక్షను చెప్పుచున్నది. తెలివితో కోరుకొనగల వయస్సు వచ్చిన బిడ్డ కోరికను కూడ న్యాయస్థానము పరిగణింపవచ్చును. నియమితుడైన గార్డియను బిడ్డను హింసించినను, ఉపేక్షించినను అతనిని తొలగించుటకు 39వ సెక్షను కలదు. ఇంత చేసియు ఆ చట్టము ఒకచోట పాతబాటనే నిలిచిపోయినది. తండ్రి జీవించియుండి, న్యాయస్థానము దృష్టిలో అనర్హుడు కానిచో మరియొకరిని గార్డియనుగా నియమింపరాదని 19వ సెక్షనులో ఉండెను. తల్లి పేరు అచట లేదు.

ఈ చట్టము బలమును, పరిమితిని కూడ చూపించిన ప్రసిద్ధమైన వ్యాజ్యము ఒక తెలుగు కుటుంబమునకు సంబంధించినదే. మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి తండ్రి నారాయణయ్యగారు రెవిన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి పొంది, 1909లో మద్రాసు దగ్గరి అడయారునకు చేరి దివ్యజ్ఞాన సమాజపు పనిలో కుదురుకొనిరి. పిల్లల తల్లి సంజీవమ్మగారు 1905లోనే మరణించియుండిరి. 1910 మార్చిలో నారాయణయ్యగారు కృష్ణమూర్తి, నిత్యానంద అను తన కుమారులిరువురి సంరక్షణను లేఖాపూర్వకముగా అనీబిసెంటుగారికి అప్పగించిరి. ఆమె వారిని ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. సమాజములోని ప్రముఖుడైన లెడ్‌బీటరు సాంగత్యము పిల్లలకు హానికరమని తండ్రి భయపడి, తన సమ్మతిని ఉపసంహరించుకొని, 1912 అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేసిరి. అది పిమ్మట మద్రాసు హైకోర్టునకు మారినది.

ప్లీడరులను పెట్టుకొనక అనీబిసెంటుగారు తానే స్వయముగా వాదించిరి. 1913 ఏప్రిలులో జస్టిసు బేక్‌వెల్ తీర్పు చెప్పెను. తండ్రి చేసిన ఆరోపణలలో ప్రధానమైనదానిని ఆయన నమ్మలేదు. అయినను పిల్లలను తండ్రికి అప్పగింపుడని ఆజ్ఞాపించెను. అప్పీలులో కూడ తండ్రియే గెలిచిరి. కాని 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పులను త్రోసివేసినది. పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో సాధారణముగా నివసించువారు కారు, ఇంగ్లండులో ఉన్నారు; కావున ఆ జిల్లా కోర్టునకు అధికారము లేదు; పిల్లల అభిమతమును తెలిసికొనకయే వారిని సముద్రములు దాటించి తెప్పింపరాదు – ఇది ఆ నిర్ణయపు సారాంశము. అయితే అదే తీర్పులో తండ్రికి అనుకూలమైన ఒక సూత్రమును గలదు. గార్డియనుత్వము పవిత్రమైన బాధ్యత వంటిదనియు, తండ్రి దానిని తన జీవితకాలములో మరియొకరికి తిరిగి తీసికొనరాని విధముగా ధారపోయజాలడనియు ప్రీవీ కౌన్సిలు చెప్పెను.

ఈ వ్యాజ్యమునుండి మనకు మూడు విషయములు తేలుచున్నవి. బిడ్డ ఎచట సాధారణముగా నివసించునో అచటి న్యాయస్థానమునకే వెళ్లవలెను. ఒకమారు వ్రాసియిచ్చిన కాగితము బిడ్డ భవిష్యత్తునకు శాశ్వతముగా సంకెల కాజాలదు. పెద్దల పోరులో బిడ్డ మాట కూడ ఒక సాక్ష్యమే. ఈ మూడింటికిని నేటికి విలువ తగ్గలేదు.

అయినను 1914 నాటికి ఆ 1890 చట్టము మన మూడు సీమలకు వర్తింపదు. నిజాము రాజ్యములో హైదరాబాదు శాసనములే నడచెడివి. బ్రిటిషు ఇండియా శాసనములు తమంతట తాము ఇచట అమలుకావు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. 1949 ఆగష్టు 15న జాగీరుల రద్దు శాసనము వెలువడి జాగీరులతోపాటు సంస్థానముల పాలనయు అంతరించెను. 1951లో పార్లమెంటు చేసిన పార్ట్ బి రాష్ట్రముల శాసనముల చట్టముతో 1890 చట్టము హైదరాబాదు రాష్ట్రమునకు విస్తరించినది. క్రిమినల్ ప్రొసీజరు కోడు కూడ ఆ సంవత్సరముననే వచ్చినది. ఆ కోడులోని 488వ సెక్షను ప్రకారము పోషింపని తండ్రినుండి బిడ్డకు నెలసరి మనోవర్తి ఇప్పించుటకు మేజిస్ట్రేటునకు అధికారము ఏర్పడెను.

శాసనము వచ్చెను గాని న్యాయస్థానము దగ్గరకు రాలేదు. గద్వాల, అలంపురము తాలూకాలు అప్పుడు రాయచూరు జిల్లాలోనివి. నడిగడ్డలోని తల్లి జిల్లా కోర్టునకు పోవలెనన్న రాయచూరునకు పోవలసినదే. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆ రెండు తాలూకాలు రాయచూరు నుండి విడివడి మహబూబునగరు జిల్లాలో చేరినవి. అప్పటినుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడింటికిని ఒకటే జిల్లా కేంద్రము. కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామమునుండి మహబూబునగరునకు వాయిదా వాయిదాకు పోవుటయనగా ఒకనాటి కూలి పోవుట, బస్సు చార్జీ, బిడ్డను ఎవరికో అప్పగించుట. హక్కు పుస్తకములో ఉండుట వేరు, చేతికి అందుట వేరు.

పునర్విభజన జరిగిన ఆ 1956లోనే, ఆగష్టు 25న, హిందూ మైనారిటీ గార్డియన్‌షిప్ చట్టము అమలులోనికి వచ్చెను. బిడ్డకు సహజ గార్డియను తండ్రి, అతని తరువాత తల్లి అని 6వ సెక్షను చెప్పినది. ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లివద్దనే ఉండవలెనని కూడ చేర్చినది. 13వ సెక్షను అన్నిటికంటె ముఖ్యమైనది. గార్డియనును నియమించునపుడు బిడ్డ క్షేమమే సర్వోన్నతమైన విషయమనియు, ఆ క్షేమమునకు భంగము కలుగునని న్యాయస్థానము తలచినచో ఈ చట్టము చెప్పిన హక్కు చేతనైనను ఎవరును గార్డియనుత్వమును పొందజాలరనియు అది శాసించెను. అనగా తండ్రి హక్కు బిడ్డ క్షేమము క్రిందికి దిగినది. "తరువాత" అను ఆ ఒక్క మాట మాత్రము నలుబది ఏండ్లకు పైగా తల్లులను ఇబ్బంది పెట్టినది. 1999 ఫిబ్రవరిలో గీతా హరిహరన్ కేసులో సుప్రీముకోర్టు దానికి క్రొత్త అర్థము చెప్పెను. తండ్రి మరణించిన తరువాత అని మాత్రమే కాదు, తండ్రి లేనప్పుడు, బిడ్డను పట్టించుకొననప్పుడు, దూరముననున్నప్పుడు కూడ తల్లి సహజ గార్డియనుగా వ్యవహరింపవచ్చునని ఆ తీర్పు. 2010లో పార్లమెంటు 1890 చట్టపు 19వ సెక్షనును సవరించి తండ్రి ప్రక్కన తల్లిని కూడ చేర్చినది. నూట ఇరువది ఏండ్లకు ఆమె పేరు ఆ వాక్యములోనికి వచ్చినది.

మన ప్రాంతములో అందరును హిందువులు కారు. హనఫీ సంప్రదాయము ననుసరించు ముస్లిము కుటుంబములలో హిజానతు అను పేర తల్లికి బిడ్డను దగ్గర ఉంచుకొను హక్కు ఉన్నది. కొడుకునకు ఏడేండ్లు వచ్చువరకు, కూతురునకు యుక్తవయస్సు వచ్చువరకు అది సాగును. నల్లమలలో, అచ్చంపేట అమ్రాబాదు ప్రాంతములలో నివసించు చెంచులు షెడ్యూల్డు తెగవారు. కేంద్రప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప 1956 చట్టము వారికి వర్తింపదు. ఆచారములెన్ని యున్నను 1890 చట్టము తలుపు మాత్రము అందరికిని తెరచియే యున్నది. హిందువైనను, ముస్లిమైనను, క్రైస్తవుడైనను, చెంచువైనను బిడ్డ క్షేమము పేర జిల్లా న్యాయస్థానమునకు అర్జీ పెట్టుకొనవచ్చును.

ఇంతవరకు మనము చూచినది సివిలు మార్గము. అది స్థిరమైనది, కాని నెమ్మదియైనది. రాత్రి దెబ్బలు తిన్న బిడ్డకు ఉదయమున కావలసిన రక్షణ వేరు. ఈ కొరతను తీర్చుటకు వచ్చినది 2005 నాటి గృహహింస నిరోధక చట్టము. 2006 అక్టోబరు 26 నుండి అది అమలులో ఉన్నది. బాధితురాలైన స్త్రీ గాని, ఆమె పక్షమున మరియొకరు గాని, రక్షణాధికారి గాని మేజిస్ట్రేటునకు దరఖాస్తు ఇయ్యవచ్చును. మొదటి విచారణ సాధారణముగా మూడు దినములలో జరుగవలెననియు, అరువది దినములలో దరఖాస్తును తేల్చుటకు ప్రయత్నింపవలెననియు చట్టము చెప్పుచున్నది. పరిస్థితి తీవ్రమైనదని కనబడినచో ఎదుటి పక్షము రాకమునుపే 23వ సెక్షను క్రింద మధ్యంతర ఉత్తరువు ఇయ్యవచ్చును. 18వ సెక్షను క్రింద ఇచ్చు రక్షణ ఉత్తరువులో ఆ వ్యక్తి బిడ్డ చదువు పాఠశాలలో అడుగుపెట్టరాదని కూడ ఆదేశింపవచ్చును. 21వ సెక్షను బిడ్డను తాత్కాలికముగా తల్లికి అప్పగించుటకు అధికారమిచ్చుచున్నది. అందులోని ఒక నియమము మిక్కిలి విలువైనది: ప్రతివాది వచ్చి చూచుట బిడ్డకు హానికరమని మేజిస్ట్రేటు తలచినచో అట్టి రాకను నిరాకరించి తీరవలెను. ఉత్తరువును ఉల్లంఘించువానికి ఏడాది వరకు జైలు గాని, ఇరువదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఈ చట్టములో మన జిల్లాలకు ప్రత్యేకముగా పనికివచ్చు అంశమొకటి కలదు. పాలమూరు కూలీలు పనులకై దూరదేశములకు పోవుట తరతరముల ముచ్చట. భార్యాభర్తలు బొంబాయిలోనో పూనాలోనో కాపురముండగా, బిడ్డ ఒకప్పుడు వారితోను, ఒకప్పుడు ఊరిలో అవ్వ దగ్గరను పెరుగుచుండును. 1890 చట్టము ప్రకారము సంరక్షణ అర్జీ బిడ్డ సాధారణముగా నివసించు చోటనే వేయవలెను. నారాయణయ్యగారి దావా విఫలమైనది ఈ అంశము మీదనే. అందుచే బిడ్డ ఏ బడిలో చదువుచున్నది, టీకాలు ఎచట వేయించిరి, రేషను కార్డు ఎచటిది అను వివరములు అట్టి కేసులలో బలమైన ఆధారములగును. 2005 చట్టమునకు అంత నిర్బంధము లేదు. బాధితురాలు తాత్కాలికముగా తలదాచుకొన్న చోటనున్న మేజిస్ట్రేటు కూడ దరఖాస్తును విచారింపవచ్చునని 27వ సెక్షను చెప్పుచున్నది. పూనా నుండి పారివచ్చి పుట్టిల్లు చేరిన తల్లి తిరిగి పూనాకు పోనక్కరలేదు. గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో అర్జీ ఇయ్యవచ్చును.

ఆ చట్టము బాధితురాలైన స్త్రీ కొరకు ఏర్పడినది. తల్లి వలన గాని, ఆమె దగ్గర చేరిన మరియొకని వలన గాని బిడ్డకు హాని కలుగుచున్నదని తండ్రి భయపడినచో అతనికి మార్గమేమి? అతనికిని 1890 చట్టము కలదు. అదియునుగాక, 2015 నాటి బాలన్యాయ చట్టము క్రింద జిల్లాలలో బాలల సంక్షేమ సమితులు ఏర్పడినవి. ఒక్కొక్క సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉందురు. వారిలో కనీసము ఒక స్త్రీ ఉండవలెను. తనను గాయపరచిన లేక హింసించిన వ్యక్తితో కలిసి నివసించుచున్న బిడ్డ ఆ చట్టము దృష్టిలో సంరక్షణ అవసరమైన బిడ్డయే. ఆ వ్యక్తి కన్నవాడైనను సరే. పోలీసు, ఉపాధ్యాయుడు, వైద్యుడు, ఇరుగుపొరుగువారు, కడకు బిడ్డయే స్వయముగా సమితి ముందునకు రావచ్చును. ఈ సమితి తల్లిదండ్రుల నడుమ గార్డియనుత్వ వివాదమును తీర్చు కోర్టు కాదు. ప్రమాదములోనున్న బిడ్డకు వెంటనే క్షేమమైన చోటు చూపుట దాని పని. తన పోషణలోనున్న బిడ్డను హింసించుట, ఉపేక్షించుట 75వ సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా విధింపవచ్చును.

లైంగికమైన హాని విషయములో శాసనము మరింత కఠినముగా నున్నది. 2012 నవంబరు 14 నుండి అమలులోనున్న పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు ఆడ, మగ పిల్లలందరికిని వర్తించును. రక్తసంబంధీకుడు చేసిన నేరమును అది మరింత తీవ్రముగా ఎంచినది. తెలిసినవారు చెప్పి తీరవలెను, చెప్పకుండుటయు శిక్షార్హమే. పరువు పోవునని ఇంటిలోనే మూసిపెట్టుట ఇచట నేరమగుచున్నది. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనే, వీలైనంతవరకు స్త్రీ సబ్‌ఇన్‌స్పెక్టరు, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. న్యాయస్థానములో బిడ్డ నిందితుని ఎదుట పడకుండ చూడవలెను. బిడ్డ పేరు, ఊరు పత్రికలలో రాకూడదు.

పోషణ విషయము మరువరాదు. పాత 488వ సెక్షను 1973 కోడులో 125వ సెక్షనుగా మారినది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా ఉన్నది. ఒకప్పుడు అయిదువందల రూపాయల హద్దు ఉండెను. 2001లో ఆ హద్దును తొలగించిరి. బిడ్డను హింసించు తండ్రిని విడిచివచ్చిన తల్లి, తిండికి గతిలేక తిరిగి ఆ ఇంటికే పోకుండ నిలుపునది ఈ మనోవర్తియే.

శాసనముతోపాటు దూరమును తగ్గినది. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలైనవి. 2019 జనవరి 1న తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడినది. 2022 జూన్ 2న క్రొత్త న్యాయ జిల్లాలు ప్రారంభమై ఈ మూడు పట్టణములకును తమ తమ ప్రధాన జిల్లా న్యాయస్థానములు వచ్చినవి. ఒకప్పుడు రాయచూరు, పిదప మహబూబునగరు, నేడు స్వంత పట్టణము: నడిగడ్డ తల్లి న్యాయము కొరకు నడచిన దారి డెబ్బదియేండ్లలో ఇట్లు కురుచయైనది. వకీలు ఫీజునకు వెరవనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా కోర్టు ఆవరణములోని న్యాయసేవాధికార సంస్థను అడిగిన చాలును. ఆపదలోనున్న బిడ్డ కొరకు 1098, ఆపదలోనున్న స్త్రీ కొరకు 181 అను ఫోను నంబరులు పనిచేయుచున్నవి.

ఇన్ని ఆయుధములు చేతికి వచ్చినపుడు ఒక ప్రమాదమును కలదు. ఆలుమగల పంతములో బిడ్డను బాణముగా వాడుకొను వారు లేకపోలేదు. మద్రాసు వ్యాజ్యములో తండ్రి చేసిన పెద్ద ఆరోపణను న్యాయాధికారి నమ్మలేదని మనము చూచితిమి. దురుద్దేశముతో చేసిన అబద్ధపు ఫిర్యాదునకు పోక్సో చట్టములోనే శిక్ష ఉన్నది. భర్తతో సరిపడకుండుట వేరు, బిడ్డకు హాని కలుగుట వేరు. ఈ రెంటిని వేరుచేసి చూపునవి సాక్ష్యములు: వైద్యుడు వ్రాసిన గాయముల చీటీ, తేదీలు వేసి వ్రాసికొన్న సంఘటనలు, ఉపాధ్యాయుడు గమనించిన మార్పు, ప్రక్కింటివారి మాట. బిడ్డచేత పాఠము వల్లె వేయించినట్లు చెప్పించుట తగదు. ఒకమారు విని, నమ్మి, ధైర్యము చెప్పి, ప్రశ్నలను ఆ పనిలో శిక్షణ పొందినవారికి విడిచిపెట్టుట మేలు. అట్లే, ఉత్తరువు లేకుండ బిడ్డను ఎత్తుకొనిపోయి దాచుట కూడ మంచిది కాదు. అదియే పిమ్మట ఎదుటి పక్షమునకు ఆయుధమగును. ముందు బిడ్డను ప్రమాదమునుండి తప్పించి, వెంటనే న్యాయస్థానమునకు తెలుపుట సరియైన క్రమము.

హాని నిరూపితమైనను న్యాయస్థానము ప్రతి పర్యాయము బంధమును పూర్తిగా త్రెంచివేయదు. మూడవవారి సమక్షములో, నియమిత స్థలములో, నియమిత వేళకు బిడ్డను చూచుటకు అనుమతించుట కలదు. త్రాగుడు మానిన తండ్రి, జబ్బు నయమైన తల్లి తిరిగి బిడ్డకు దగ్గర కావచ్చును. సంరక్షణ ఉత్తరువు రాతిమీది గీత కాదు. పరిస్థితులు మారిన కొలది మార్చుకొనదగినదని మన ఉన్నత న్యాయస్థానములు పెక్కుమారులు చెప్పినవి.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి అంగీకరించి, 1992 డిసెంబరులో భారతదేశము చేరిన బాలల హక్కుల ఒడంబడిక 19వ అధికరణములో, తల్లిదండ్రుల సంరక్షణలో ఉండగా కలుగు హింస నుండి కూడ బిడ్డను కాపాడు బాధ్యత రాజ్యమునకు కలదని చెప్పుచున్నది. సంస్థానముల కాలములో రాజ్యము బాలుని ఆస్తికి కాపలా కాచినది. నేడు బాలుని శరీరమునకు, మనస్సునకు కాపలా కాయుదునని మాట ఇచ్చినది. ఆ మాటను చెల్లించుకొనుటకు ముందుగా ఎవరో ఒకరు వెళ్లి అడుగవలెను. ప్రక్కింట రాత్రివేళ వినవచ్చు బిడ్డ ఏడ్పు ఇకమీదట ఇంటిగుట్టు కాదని తెలిసినవారు, గద్వాలలోనైనను వనపర్తిలోనైనను నాగర్‌కర్నూలులోనైనను, ఏ తలుపు తట్టవలెనో కూడ తెలిసియుండవలెను. ఆ ఎరుక కలిగించుటకే ఈ ప్రసంగము ఉద్దేశింపబడినది.